నాన్నగారి నడక, మతిమరుపు: రెండూ ఒకే డాక్టరు ముందు చెప్పండి

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిన్నరగా నడక బాగా నెమ్మదించింది. అడుగులు చిన్నవైపోయాయి, పాదాలు నేలకి అతుక్కున్నట్టు ఈడ్చుకుంటూ నడుస్తారు. పక్కన నడుస్తూ ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి ఆగిపోతారు. ఇంచుమించు అప్పటి నుంచే మతిమరుపు కూడా మొదలైంది, అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. ఎముకల డాక్టరు గారు మోకాళ్లు అరిగాయన్నారు. ఎప్పుడూ చూసే డాక్టరు గారు మతిమరుపు వయసుతో వచ్చేదే అన్నారు. రెండు నెలల కింద ఒకసారి పడిపోయారు, అప్పటి నుంచి మా అన్నయ్య ఆయన్ని బయటికి నడవనివ్వడం లేదు. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని నాకనిపిస్తోంది, కానీ ఇంట్లో అందరూ నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానంటున్నారు. చెప్పడానికి ఇబ్బందిగా ఉంది గానీ, ఈ మధ్య బాత్రూమ్‌కి చేరేలోపే ఒక్కోసారి బట్టలు తడిసిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, మీరు అనవసరంగా టెన్షన్ పడటం లేదు. మీకు అనిపించింది సరైనదే, నడకకీ మతిమరుపుకీ సంబంధం ఉంటుంది, చాలామందిలో ఉంటుంది. నేను పెద్దవాళ్లకి నడక, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని, డాక్టర్ని కాదు, కాబట్టి నాన్నగారికి ఉన్నది ఫలానా జబ్బు అని నేను తేల్చి చెప్పలేను. కానీ మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది, మీరు ఇబ్బందిపడుతూ చివర్లో రాసిన ఆ బాత్రూమ్ మాట. ఆ మాట ఇప్పటిదాకా ఏ డాక్టరుకీ చెప్పి ఉండరని నా అనుమానం. దాని దగ్గరికి వస్తాను.

ముందు జరిగింది చూడండి. మోకాళ్ల సంగతి ఒక గదిలో చెప్పారు, మతిమరుపు సంగతి ఇంకో గదిలో చెప్పారు, మూడోది ఎక్కడా చెప్పలేదు. ఏ డాక్టరుకి చెప్పినదానికి ఆ డాక్టరు జవాబు చెప్పారు. మూడూ ఒకే మనిషికి, ఒకే ఏడాదిన్నరలో వచ్చాయన్న విషయం ఎవరి చెవినా పడలేదు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో నేను ఎక్కువసార్లు చూసే పొరపాటు ఇదే, మీ తప్పు అని అనడం లేదు, కాళ్ల బాధ కాళ్ల డాక్టరుకి చెప్పాలనే ఎవరైనా అనుకుంటారు.

అసలు నడకలో మెదడు పని ఎంత ఉంటుందో మనం గమనించం, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది మనకి తెలియకుండానే జరిగిపోతుంది. ఎటు వెళ్లాలి, ఎక్కడ తిరగాలి, ఎదురొచ్చేవాళ్లని ఎలా తప్పుకోవాలి అన్నది మెదడు ముందు భాగం చూసుకుంటుంది. అడుగు మొదలుపెట్టడం, ఒకే లయలో వేయడం మెదడు లోతుల్లో ఉండే కొన్ని భాగాల పని, తూలకుండా పట్టి ఉంచేది చిన్నమెదడు, వీటికి తోడు కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ క్షణక్షణం కబురు పంపుతూ ఉండాలి. ఈ భాగాలన్నిటినీ కలిపే నరాల తీగలు మెదడు మధ్యలో నుంచి వెళ్తాయి. శ్రద్ధ పెట్టడానికి, గుర్తున్నదాన్ని వెతికి బయటికి తీయడానికి కూడా చాలావరకు అవే దారులు కావాలి. ఆ దారులు దెబ్బతింటే నడకా తగ్గుతుంది, ఆలోచనా నెమ్మదిస్తుంది. అందుకే ఈ రెండూ జంటగా కనిపిస్తాయి.

మాట్లాడితే ఆగిపోతున్నారని రాశారు చూడండి, అది చిన్న విషయం కాదు. 1997లో స్వీడన్‌లో వృద్ధులుండే ఒక వసతిలో 58 మందిని గమనించారు, వాళ్లలో నడుస్తూ మాట్లాడమంటే ఆగిపోయినవాళ్లు 12 మంది, తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. కారణం ఇదీ: నడక తనంతట తాను సాగకపోతే దానికి మనసు పెట్టాల్సి వస్తుంది, ఆ మనసు జవాబు కోసం వాడాల్సి వచ్చేసరికి కాళ్లకి మిగలదు. నాన్నగారు లెక్కల మాస్టారు కదా, కూర్చోబెట్టి 100లో నుంచి ఏడేసి తీసేస్తూ వెళ్లమంటే ఇప్పటికీ గబగబా చెప్పేయొచ్చు, అదే నడుస్తూ చెప్పమంటే ఆగిపోవచ్చు. కూర్చున్నప్పుడు మాత్రమే చూసినవాళ్లు ‘ఆయన తెలివికేం, బాగానే ఉంది’ అంటారు. మీరు పక్కన నడిచారు కాబట్టి మీకు కనిపించింది.

2013లో అమెరికాలో జో వర్గీస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసేవాళ్లు ఈ జంటకి ఒక పేరు పెట్టారు, మోటారిక్ కాగ్నిటివ్ రిస్క్ సిండ్రోమ్ అని. డిమెన్షియా, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా మతి తగ్గిపోవడం, ఇంకా రాలేదు, సొంతంగా తిరగగలుగుతున్నారు, కానీ నడక తన వయసువాళ్లకంటే బాగా నెమ్మది, పైగా జ్ఞాపకశక్తి తగ్గిందని తనకే అనిపిస్తోంది, అలాంటివాళ్లన్నమాట. మరుసటి ఏడాది 17 దేశాల నుంచి 60 దాటిన దాదాపు 27 వేల మంది వివరాలు తీసి చూస్తే పదిమందిలో ఒకరికి ఈ పరిస్థితి ఉన్నట్టు తేలింది, వాళ్లకి ముందు ముందు డిమెన్షియా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఇంచుమించు రెట్టింపు అని కూడా తేలింది. దయచేసి ఈ మాటకి బెంబేలెత్తకండి. అవకాశం ఎక్కువ అంటే తప్పకుండా వస్తుందని కాదు. మోకాళ్లు, గుండె, ఊపిరితిత్తులు, దిగులు, చూపు, ఇలా నడక నెమ్మదించడానికి సవాలక్ష కారణాలుంటాయి, మెల్లగా నడిచేవాళ్లందరికీ మతిమరుపు రాదు. నేనీ సంగతి ఎత్తింది భయపెట్టడానికి కాదు, రెండూ కలిసి కనిపిస్తే కారణం వెతకాలి, ‘వయసు’ అని వదిలేయకూడదు అని చెప్పడానికి.

మోకాళ్ల గురించి ఒక మాట. అరుగుదల ఉండొచ్చు, ఎక్స్‌రేలో కనిపించే ఉంటుంది, ఆ వయసులో చాలామందికి కనిపిస్తుంది. కానీ మోకాలి నొప్పితో నడిచేవాళ్లు కుంటుతారు, నొప్పి కాలి మీద బరువు ఆన్చకుండా గబుక్కున రెండో కాలు వేసేస్తారు, లేవడానికి కూర్చోవడానికి ‘అబ్బా’ అంటారు. పాదాలు నేలకి అతుక్కుపోవడం మోకాలి నొప్పి లక్షణం కాదు. కాలు లేపమనే ఆదేశం పై నుంచి సరిగ్గా రానప్పుడు అలా అవుతుంది.

మరో సంగతి, మామూలు అల్జైమర్స్‌లో మొదట పోయేది జ్ఞాపకం, నడక చాలాకాలం బాగానే ఉంటుంది. నడక ముందే దెబ్బతిన్నా, మతిమరుపుతో పాటే దెబ్బతిన్నా డాక్టర్లు వేరే కారణాల వైపు కూడా చూడాలి. ఆ వేరే కారణాల్లో కొన్ని బాగుచేయగలిగినవి. నేనింత పట్టుబట్టి చెప్పడం అందుకే.

ఇప్పుడు ఆ బాత్రూమ్ మాట. పాదాలు అతుక్కునే నడక, మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చే పరిస్థితి ఒకటుంది, నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫాలస్ అంటారు. మెదడు లోపల ఉండే గదుల్లో సహజంగా ఊరే నీరు సరిగ్గా ఇంకిపోక ఆ గదులు ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న తీగలు సాగి నలుగుతాయి, వాటిలో కాళ్లకీ మూత్రాశయానికీ వెళ్లేవి ఉంటాయి. సాలమన్ హకీమ్ అనే కొలంబియా డాక్టరు దీన్ని 1965లోనే వివరించారు. అయినా ఇవాళ్టికీ ఎంతోమందిలో వయసు కిందో, పార్కిన్సన్స్ కిందో, అల్జైమర్స్ కిందో జమ అయిపోతోంది. స్కాన్‌లో ఉబ్బిన గదుల్ని చూసి వయసుతో మెదడు కుంచించుకుపోయిందనుకునే ప్రమాదం కూడా ఉంది. అనుమానం ఉంటే నడుములో సూదితో కొంత నీరు తీసి, తీయకముందు నడక, తీశాక నడక పోల్చి చూస్తారు. తేడా వస్తే ఆ నీరు పొట్టలోకి పోయేలా సన్నని గొట్టం అమర్చే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అది అందరికీ సరిపడదు, ఇబ్బందులూ ఉంటాయి, నడక బాగుపడినంతగా జ్ఞాపకం బాగుపడకపోవచ్చు. కానీ సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే మళ్లీ సొంతంగా నడిచేవాళ్లున్నారు. నాన్నగారికి ఇదే ఉందని నేననడం లేదు, మూత్రం సమస్యకి ప్రోస్టేట్ కూడా కారణం కావచ్చు, అడుగు మెల్లగా పడటం వల్ల సమయానికి చేరలేకపోనూ వచ్చు. నేను అడిగేదల్లా, ఈ మూడూ ఒక్క వాక్యంలో డాక్టరుకి చెప్పండి. మొహమాటపడి మూడోది దాచకండి. ఇంకో జాగ్రత్త, మూత్రం సమస్యకి మాత్రమే విడిగా మాత్ర రాయించుకోకండి, ఎందుకంటే మూత్రాశయాన్ని బిగించే మాత్రల్లో కొన్ని పెద్దవాళ్లలో మతిమరుపుని పెంచుతాయి.

ఆ పడిపోయిన సంగతి కూడా అడగాలి. తలకి తగిలిందా? నడకా మతిమరుపూ అప్పటి నుంచి ఇంకా వేగంగా దిగజారాయా? పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే మెదడు పైపొర దగ్గర రక్తం కొద్దికొద్దిగా చేరుతూ వారాల తర్వాత బయటపడొచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, చాలావరకు చికిత్స ఉంటుంది. పడ్డాక తేడా ఎక్కువైందని మీకనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే చూపించండి. అలాగే ఒక్కసారిగా మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడటం జరిగినా, ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంగా మారిపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గంటల్లో, రోజుల్లో వచ్చే అయోమయం వెనక ఇన్ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మందో ఉంటుంది తరచుగా.

పార్కిన్సన్స్ సంగతి మీరు విని ఉంటారు. చెయ్యి వణికితేనే పార్కిన్సన్స్ అనుకుంటారు చాలామంది, వణుకు లేకుండా కూడా ఉంటుంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉంటోందా, చేతిరాత రానురాను చిన్నదైపోతోందా, గొంతు తగ్గిందా, నిద్రలో అరుస్తున్నారా, కాళ్లు విసురుతున్నారా చూడండి. లేనివాళ్లు కనిపిస్తున్నట్టు మాట్లాడినా, మతిమరుపు ఒకరోజు బాగా ఉండి మరుసటి రోజు మాయమైనట్టుగా ఉన్నా అది లూయీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకం డిమెన్షియా వైపు చూపిస్తుంది, దాన్ని తప్పక చెప్పాలి, ఎందుకంటే అలాంటివాళ్లకి ఆందోళన తగ్గడానికని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు.

బీపీ, షుగర్ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఏళ్లతరబడి బీపీ అదుపులో లేకపోతే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, పక్షవాతంలా పెద్దగా ఏమీ జరగకుండానే నడకా ఆలోచనా రెండూ మెల్లగా జారిపోతాయి. ఇది చాలా తరచుగా కనిపించే కారణం. బీపీ గట్టిగా అదుపులో పెడితే స్వల్ప మతిమరుపు దశకి చేరేవాళ్లు తగ్గుతారని 2019లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపించింది. అయితే పెద్దవాళ్లకి ఎంతవరకు తగ్గించాలన్నది డాక్టరే చూడాలి, లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్లకి ఎక్కువ తగ్గిస్తే మళ్లీ పడిపోతారు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకటి రెండు నిమిషాలకి ఒకసారి బీపీ చూడమని అడగండి. కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే ఈ సంగతి తెలియదు.

మందుల గురించి మాత్రం నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, డాక్టరు రాసినవీ సొంతంగా కొనుక్కున్నవీ, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. తల తిరుగుతోందని ఎప్పుడో మొదలుపెట్టిన సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ఇవి నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లాంటి నడక రావచ్చు, నిద్రమాత్రలు, పాతరకం ఎలర్జీ మాత్రలు మగతనీ మతిమరుపునీ తూలడాన్నీ పెంచుతాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గొచ్చు. బీ12 బాగా తగ్గితే పాదాలు మొద్దుబారతాయి, చీకట్లో నడవలేరు, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలుతారు, మతిమరుపూ వస్తుంది. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయేదాన్ని తెలుసుకోకుండా ఏళ్లు గడిపేసినవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. థైరాయిడ్ కూడా అంతే. అయితే ఏ మాత్రనీ మీ అంతట మీరు ఆపకండి, నిద్రమాత్రల్లాంటివి హఠాత్తుగా ఆపితే ఇంకో ప్రమాదం.

వెళ్లాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి, లేదా మీకు అందుబాటులో ఉంటే వృద్ధుల వైద్యం చూసే జీరియాట్రిషియన్ దగ్గరికి. వెళ్లేముందు ఇంట్లో ఒక పని చేయండి. చదునైన నేల మీద నాలుగు మీటర్లు కొలిచి రెండు చివర్లా టేపు అతికించండి, మొదటి టేపుకి ఒక మీటరు ముందు నుంచి ఆయన్ని ఎప్పటిలాగే నడవమనండి, మీరో అన్నయ్యో చెయ్యి అందేంత దగ్గరలో పక్కనే ఉండండి. టేపుల మధ్య నడకకి ఐదు సెకన్లకంటే ఎక్కువ పట్టిందంటే అది నెమ్మది నడక కింద లెక్క. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, వెనక్కి తిరిగేటప్పుడు ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరు గదిలో పెద్దవాళ్లు ఎక్కడలేని శ్రద్ధా పెట్టి చక్కగా నడిచేస్తారు, నేనెన్నిసార్లు చూశానో. అందుకని ఆ వీడియో మీ మాటలకంటే ఎక్కువ పని చేస్తుంది. ఏది ముందు మొదలైంది, నడకా, మతిమరుపా, మూత్రమా, సుమారుగా ఏ నెలలో అన్నది కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గర అడిగితే ఎవరికీ గుర్తురాదు.

ఇక అన్నయ్య సంగతి. ఆయన భయం నాకర్థమైంది, నాన్నగారు మళ్లీ పడితే తుంటి విరుగుతుందేమోనని, అది నిజమైన భయమే. కానీ కూర్చోబెట్టేస్తే కొద్ది వారాల్లోనే తొడల కండ కరుగుతుంది, బ్యాలెన్స్ ఇంకా పోతుంది, నలుగురిని కలవడం ఆగిపోతుంది, మనసు ముడుచుకుపోతుంది, ఆ తర్వాత కుర్చీలో నుంచి లేచిన ఆ నాలుగడుగుల్లోనే పడతారు. ఏడాదిపాటు వారానికి మూడుసార్లు నడిపించిన పెద్దవాళ్లలో జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం సుమారు 2 శాతం పెరిగిందని 2011లో 120 మంది మీద చేసిన ఒక పరిశోధనలో తేలింది. అలాగని నడిస్తే మతిమరుపు పోతుందని నేను మాటివ్వను, తర్వాత 70 దాటిన 1,600 మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసినదాంట్లో వ్యాయామం వల్ల నడిచే శక్తి నిలిచింది గానీ జ్ఞాపకశక్తిలో తేడా కనిపించలేదు. నడిచే శక్తి నిలవడం చిన్న లాభమా? నా దృష్టిలో అదొక్కటి చాలు.

అన్నయ్యని నాన్నగారితో పాటు నడవమనండి. ఆయన బలహీనంగా ఉన్న వైపు, అర అడుగు వెనకగా. నడుస్తున్నంతసేపూ ప్రశ్నలు వద్దు, ముఖ్యంగా మలుపు తిరిగేటప్పుడు, మాట్లాడాలంటే ఆగి, నిలబడి మాట్లాడండి. పాదాలు అతుక్కున్నప్పుడు చెయ్యి పట్టి ముందుకి లాగకండి, ఒళ్లు ముందుకి వస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, పడతారు. ఆగమనండి, బరువుని ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి రెండుసార్లు మార్చమనండి, అప్పుడు ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టి అడుగు వేయించండి. నేల మీద గీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు సులువుగా లేచేవాళ్లు కూడా ఉంటారు, ప్రయత్నించి చూడండి. ఉన్నచోటే గిర్రున తిరగకుండా వెడల్పుగా చుట్టి తిరగడం అలవాటు చేయండి. వెనక మూసి ఉన్న, జారని చెప్పులు, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు, అక్కడ గోడకి పట్టుకునే కడ్డీ, కాలికి తగిలే పట్టాలు, వైర్లు తీసేయడం, ఇవి ఈ వారంలోనే అయిపోవాలి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి, అవి తగ్గితే నడకకీ మెదడుకీ రెండింటికీ బరువే. బ్యాలెన్స్ వ్యాయామాలు మాత్రం ఎవరో ఒకరు చూసి నేర్పాకే మొదలుపెట్టండి, కారణం తేలకముందు వీడియోలు చూసి చేయించవద్దు.

చివరిగా, ఇదంతా నాన్నగారి వెనక జరగకూడదు. మతిమరుపున్నంత మాత్రాన తన గురించి ఇంట్లో గుసగుసలు జరుగుతున్నాయని తెలియకుండా ఉండదు, అది తెలిసినప్పుడు కలిగే అవమానం మాత్రం చాలాకాలం గుర్తుంటుంది. ‘నాన్నా, మీ నడక ఎందుకు నెమ్మదించిందో తెలుసుకుందాం’ అని నేరుగా చెప్పండి, బట్టలు తడిసే సంగతి మీరు కాక అన్నయ్య ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే ఆయనకి సులువుగా ఉండొచ్చు. ఆ నాలుగు మీటర్ల లెక్క ఆయన చేతే కట్టించండి. ఒక నోటుబుక్కు ఇచ్చి తేదీ, సెకన్లు, మీటర్లని సెకన్లతో భాగిస్తే వచ్చే వేగం ఆయన్నే రాయమనండి, పడినా, తూలినా అదీ రాయమనండి. మాస్టారు కాబట్టి ఆ పని ఇష్టంగా చేస్తారని నా నమ్మకం, పైగా ఆ రాత పోనుపోను చిన్నదవుతోందా అన్నది కూడా డాక్టరుకి కనిపిస్తుంది. ఆ పుస్తకం తీసుకుని ముగ్గురూ కలిసి వెళ్లండి, డాక్టరు గారు ఏమన్నారో నాకు రాయండి.